నాలిక కింద మాత్ర

నాలిక ఎత్తు.
ఊఁ, అక్కడే. మింగకు, నమలకు, మాటాడకు.
గోడ గడియారం ఆగిపోయి నెలయింది,
నా చేతి గడియారం చూస్తాను.
ఏడు నిమిషాలు.

ఈ ఏడు నిమిషాలూ నీకు నోరుండదు, అసిరిబాబూ,
అందుకని రోజూ నేనే మాట్లాడతాను.
మొన్న మాడిపోయిన కూర సంగతి,
నిన్న మా గుంటడి లెక్కల మార్కులు.
ఇవాళ ఒక పాత సంగతి ఉంది.

ముందు కళ్లు చూడనీ.
టార్చి వేసినప్పుడు కంటిపాప
ఆవగింజంతే ఉంటే ఒక భయం,
చీకట్లో పిల్లికిలా విప్పారితే ఇంకో భయం.
ఇవాళ రెండూ కావు, పెసరగింజ.
రాసుకుంటున్నాను.

వచ్చిన రాత్రి గుర్తుందా?
ఆవలింత మీద ఆవలింత, ముక్కు ధార,
ఈకలు పీకిన కోడిలా ఒళ్లు,
తెల్లారేదాకా మంచాన్ని తన్నుతూనే ఉన్న కాళ్లు.
"సచ్చిపోతాను సిస్టరు, ఒక్కటిప్పించు" అన్నావు.
"దొంగేసాలు" అన్నాడు వార్డుబాయి.
అప్పుడే నీ వాంతి నా చెప్పుల మీద పడింది.
వాంతి వేషం వెయ్యదు.

రెండో నిమిషం.

నాలుగేళ్ల కిందట నేను ఎముకల వార్డులో ఉండగా
జూట్ మిల్లు బదిలీ కూలీ ఒకడొచ్చాడు ఆటోలో,
కుడిచెయ్యి రోలర్లలో పడి.
ఏది నారో ఏది నరమో తెలియలేదు.
అరుపుకి వార్డంతా లేచి కూచుంది.
మొదటి ఇంజక్షను పొడిచింది నేనే.
కాసేపటికి నుదురు ఇస్త్రీ చేసినట్టు సాపయింది.
"అమ్మయ్య" అని, నన్ను చూసి నవ్వాడు.

ఆ నవ్వు నీదే.

తల ఊపకు, మాత్ర జారుతుంది.

తప్పు చేశానని కాదు ఈ మాట.
ఆ రాత్రి మళ్లీ వస్తే మళ్లీ పొడుస్తాను.
తర్వాత చీటీ మీద చీటీ,
చీటీ అక్కర్లేని మందులకొట్టు వెనక తలుపు,
రోజుకో మాత్ర కాస్తా రోజుకి రెండు స్ట్రిప్పులు,
మీ ఆవిడ చెవుల కమ్మలు,
ఇదంతా నా చెయ్యి దాటిన కథ.
అయినా మొదటి పేజీలో నా సంతకముంది.
నర్సు సంతకం చిన్నదే,
రబ్బరుతో మాత్రం పోదు.

నాలుగు. ఉమ్మి మింగకు.

చూశావా ఈ తాళంచెవి?
బీరువాకి రెండు తాళాలు, ఒకటి నాది, ఒకటి డాక్టరుగారిది.
అందులోంచే నిన్న పై అంతస్తుకి పట్టుకెళ్లాను,
చీపురుపల్లి తవుడమ్మకి, దవడ మీద పుండు.
పది రావలసిన చోట మూడు మాత్రలొచ్చాయి.
సగానికి విరిచి, పావుకి విరిచి,
"ఇంక లేదేటి తల్లీ" అన్న మనిషికి
లేదని చెప్పడం కూడా నా డ్యూటీయే.
కింద వద్దని నీ చెయ్యి పట్టుకోవాలి,
పైన ఇమ్మని ఆఫీసు గుమ్మం పట్టుకోవాలి.
రెండు లెక్కలూ ఒకే పుస్తకం.
అంకెలు సరిపోతాయి,
నాకే సరిపోదు.

మిల్లు కూత. మధ్యాహ్నం షిఫ్టు.
నీ కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లూ కదిలాయి,
చూశాను.

మానేస్తావా అని అడగను.
పైడితల్లి మీద ఒట్టని మీ ఆవిడకి ఎన్నిసార్లన్నావో,
అమ్మవారు కూడా లెక్క మానేసి ఉంటుంది.
రేపు పదింటికి రా. ఎల్లుండి పదింటికి రా.
మధ్యలో జారితే, జారినవాడివి జారినట్టే రా.
ఇన్నాళ్లు ఆగి, మళ్లీ పాత లెక్కనే మింగితే
ఊపిరి ఆగిపోతుంది, గుర్తుంచుకో.
కిందటేడు డెంకాడ కుర్రాడు సిగ్గుపడి రాలేదు.
వాడి కార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది,
పారేయడానికి ఏ రూలూ దొరకలేదు.

ఏడు.
నోరు తెరు. నాలిక ఎత్తు.
కరిగింది.
ఇప్పుడు మాట్లాడు.

"ఏటి సెప్పమంతావప్పా" అన్నావు.
కిటికీ వేపు చాలాసేపు చూసి
"సెయ్యి నొప్పెడతంది" అన్నావు.

మందడగలేదు.
నొప్పి సంగతి చెప్పావు, అంతే.

బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు బెంచీ మీద.
స్టూలు దగ్గరకి లాక్కున్నాను.
ఎక్కడో చూపించు.